ఫిట్స్ ఆగకుండానే క్యాజువాలిటీకి వచ్చిన పెద్దవాళ్లకి మొదటి అరగంటలో ఏ మందు, ఎంత?

ప్రశ్న (సీహెచ్‌సీ, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రం, డ్యూటీ డాక్టర్)
30 పడకల ఆసుపత్రి. వెంటిలేటర్ లేదు, జిల్లా ఆసుపత్రికి గంటన్నర దారి. లోరాజిపామ్, మిడజోలామ్, ఫెనిటోయిన్, లెవెటిరాసిటమ్ ఉన్నాయి. లైన్ (మందు ఎక్కించడానికి నరంలో సూది) దొరక్కపోతే ఏం చేయాలి? ఫుల్ డోస్ ఇస్తే ఊపిరి ఆగిపోతుందేమో అన్న భయంతో చాలాచోట్ల 2 మి.గ్రా. లోరాజిపామ్‌తో సరిపెడుతున్నారు. అది సరైనదేనా? రెండో మందు ఏది?

జవాబు 1 (ఎమర్జెన్సీ మెడిసిన్)
సరైనది కాదండీ. 5 నిమిషాలు దాటితే స్టేటస్ (స్టేటస్ ఎపిలెప్టికస్, అంటే తనంతట తాను ఆగని ఫిట్స్) కిందే లెక్క. ఆ 5 నిమిషాలు ఇంటి దగ్గర ఫిట్స్ మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టాలి. 108 దిగేటప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారంటే టైమ్ అయిపోయినట్టే, ఇక ఆగి చూడకండి.

పక్కకి తిప్పండి, సక్షన్, ఆక్సిజన్ పెట్టండి. పళ్ల మధ్య ఏమీ దూర్చొద్దు. గుప్పిట్లో తాళాలు పెట్టి తెస్తారు, తీసేయండి. వెంటనే జీఆర్‌బీఎస్ (వేలి చుక్కతో రక్తంలో షుగర్) చూడండి. 60 కంటే తక్కువుంటే 25% డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఇవ్వండి. మద్యం తాగే అలవాటున్నా, బాగా చిక్కిపోయి ఉన్నా థయామిన్ 100 మి.గ్రా. కూడా.

లైన్ ఉంటే లోరాజిపామ్ 4 మి.గ్రా. రెండు నిమిషాల్లో. ఆగకపోతే 5 నిమిషాలకి ఇంకోసారి అంతే డోస్. లైన్ లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి, 40 కేజీలు దాటినవాళ్లకి మిడజోలామ్ 10 మి.గ్రా. తొడ కండలో. డయాజిపామ్ కండకి ఇవ్వొద్దు, ఎప్పుడు ఎంత ఎక్కుతుందో చెప్పలేం.

ఊపిరి భయం గురించి: శాన్‌ఫ్రాన్సిస్కో అంబులెన్సుల్లో చేసి 2001లో ప్రచురించిన ట్రయల్‌లో శ్వాస, బీపీ ఇబ్బందులు ఉత్త ప్లాసిబో (మందు లేని సూది) ఇచ్చినవాళ్లలోనే ఎక్కువ. ఊపిరి తీసేది ఆగని ఫిట్సే. అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) మాత్రం తల దగ్గరే ఉండాలి.

జవాబు 2 (స్టాఫ్ నర్స్, ఎమర్జెన్సీ)
సర్ చెప్పిన మిడజోలామ్‌లో ఒక చిక్కుంది. మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే వయల్ తీస్తే 10 మి.గ్రా.కి 10 మి.లీ. అవుతుంది, అంత కండలో పట్టదు. మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న ఆంపూల్స్ రెండు, అంటే 2 మి.లీ., ఎమర్జెన్సీ ట్రేలో విడిగా పెట్టించండి. లోరాజిపామ్ ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు, కరెంటు పోయే చోట మిడజోలామ్‌నే నమ్ముకోవడం మంచిది.

ఫెనిటోయిన్ నార్మల్ సెలైన్‌లోనే. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే బాటిల్‌లోనే తెల్లగా విరిగిపోతుంది. మణికట్టు దగ్గర సన్నటి నరానికి పెట్టొద్దు, బయటికి కారితే చెయ్యంతా ఊదా రంగుకి తిరిగి వాచిపోతుంది.

జవాబు 3 (జనరల్ మెడిసిన్)
రెండో మందు విషయానికొస్తే, మొదటి మందుకి ఆగని ఫిట్స్ మీద చేసి 2019లో ప్రచురించిన ఈసెట్ ట్రయల్‌లో లెవెటిరాసిటమ్, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్ మూడూ దాదాపు సగం మందిలోనే పనిచేశాయి, పెద్ద తేడా లేదు. మానిటర్ సరిగా లేని చోట నా ఓటు లెవెటిరాసిటమ్‌కే. కేజీకి 60 మి.గ్రా., గరిష్ఠం 4500 మి.గ్రా. 60 కేజీల మనిషికి 3600 మి.గ్రా., అంటే 500 మి.గ్రా. వయల్స్ సుమారు 7. 100 మి.లీ. సెలైన్‌లో పది నిమిషాల్లో ఎక్కించండి. ఒక్క వయల్ వేసి రిఫర్ చేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

ఫెనిటోయిన్ అయితే కేజీకి 20 మి.గ్రా. అదే మనిషికి 1200 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. ఆంపూల్స్ 12. 200 మి.లీ. సెలైన్‌లో అరగంట. నిమిషానికి 50 మి.గ్రా. దాటితే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది.

గర్భిణీ అయినా, కాన్పయి ఆరు వారాల్లోపు అయినా దారి వేరు. ఎక్లాంప్సియా (గర్భంతో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) అనుకుని మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరానికి, 5–10 నిమిషాల్లో. 50% ఆంపూల్స్ నాలుగు (8 మి.లీ.), సెలైన్ 12 మి.లీ. కలిపితే 20 మి.లీ. తర్వాత ఒక్కో పిరుదుకి 5 గ్రాములు. పురుగుమందు వాసన, చిన్నబడ్డ కనుపాపలు ఉంటే అట్రోపిన్ కూడా మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు
థాంక్యూ అండీ. నిజమైన ఫిట్స్ కాదేమో అనిపించినప్పుడు?

జవాబు 3
కళ్లు చూడండి. ఫిట్స్‌లో సాధారణంగా తెరిచే ఉంటాయి. గట్టిగా మూసుకుని, రెప్పలు ఎత్తబోతే బిగిస్తుంటే అనుమానించాలి. నాలుక పక్క అంచున కొరుకుడు ఫిట్స్ వైపు చూపిస్తుంది. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు కూడా కొన్ని సెకన్లు కొట్టుకుంటారు, కానీ నిమిషంలోనే మామూలుగా మాట్లాడతారు. వాళ్లకి ఈసీజీ తీయాలి.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. చేతులు, కాళ్లు ఆగినా అరగంటకీ మనిషి తేరుకోకపోతే మందు మత్తు అని వదిలేయకండి. కనురెప్పలో, పెదవి మూలలో, బొటనవేలిలో సన్నటి అదురు ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఫిట్స్ లోపల నడుస్తూనే ఉన్నట్టు. ఆ మాట రిఫరల్ షీట్ మీద టైమ్‌తో సహా రాసి, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) ఉన్నచోటికి పంపండి.