అప్‌డేట్: లోగో దగ్గరే క్రాష్ అవుతున్న పాత ల్యాప్‌టాప్, దొంగ దొరికాడు

పోయిన వారం అడిగా కదా, 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లోగో కింద చుక్కలు నాలుగు రౌండ్లు తిరిగి బ్లూ స్క్రీన్ వచ్చి మళ్ళీ మొదటికొస్తోందని. ఎక్కువమంది హార్డ్ డిస్క్ పోయిందన్నారు, నేనూ అదే అనుకుని ఎస్ఎస్‌డీకి (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డ్రైవ్) డబ్బులు పక్కన పెట్టేశా. కానీ ఒకరు ప్రతిసారీ వేరే వేరే ఎర్రర్ వస్తుంటే ముందు ర్యామ్ (మెమరీ) చూడు అన్నారు, వాళ్ళకి దండం.

ర్యామ్ టెస్ట్ చేసే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రి రన్ చేసి పడుకున్నా, పొద్దున లేచి చూస్తే స్క్రీనంతా ఎర్రర్లు చూపించే ఎర్ర గీతలే. బ్యాటరీ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, రెండు 4 జీబీ ర్యామ్ స్టిక్కులూ ఊడదీసి ఒక్కోటి విడిగా టెస్ట్ చేశా. ఒకటి క్లీన్. రెండోది రబ్బరుతో కాంటాక్ట్స్ తుడిచినా, స్లాట్ మార్చి పెట్టినా అవే ఎర్రర్లు, అంటే స్లాట్ తప్పు కాదు స్టిక్కే పోయింది.

కొత్తది కొనేటప్పుడు షాపులో మామూలు డీడీఆర్3 రకం ర్యామ్ చేతిలో పెట్టేశాడు, నాదేమో తక్కువ వోల్టేజ్‌తో, అంటే 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్, పాత స్టిక్కు మీద లేబుల్ చూపిస్తే గానీ మార్చలేదు. అది పెట్టాక బూట్ అయింది గానీ విండోస్ అప్‌డేట్లు ఫెయిల్ అవుతుంటే, పాడైన విండోస్ ఫైళ్ళు వెతికి బాగుచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ కొట్టా, అన్ని క్రాష్‌లకి కొన్ని సిస్టమ్ ఫైళ్ళు కూడా పాడయ్యాయంట, అదే రిపేర్ చేసుకుంది. ఐదు రోజులైంది, ఒక్కసారి కూడా క్రాష్ లేదు.

ఎస్ఎస్‌డీ డబ్బులు ఇంకా అలాగే ఉన్నాయి, ఇంట్లో తెలిసేలోపు కొనేయాలి, 240 జీబీ సరిపోద్దా 500 తీసుకోనా?