ఒక్క అంతస్తు ఇంటికి పన్నెండు పిల్లర్లు అవసరమా?

దేవరకొండ తమ్ముడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. మా అమ్మ పేరు మీద ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. పాత మట్టి మిద్దె కూలగొట్టి జాగ చదును చేశాం. 500 చదరపు అడుగుల్లో హాలు, ఒక బెడ్రూం, వంటగది, బాత్రూం అనుకున్నాం. మేస్త్రి పన్నెండు పిల్లర్లు వేయాలంటున్నాడు. మొత్తం ఎనిమిదిన్నర లక్షలు అవుతుందట. వచ్చేది 5 లక్షలు, అదీ విడతలుగా. మొదటి లక్ష బేస్‌మెంట్ లేచాకే పడుతుంది. మా చేతిలో ఉన్నది లక్షన్నర. మిగతా రెండు లక్షలు అప్పు చేయాలి.

మా పెద్దనాన్నేమో "పిల్లర్లు ఎందుకురా, గోడల మీదనే స్లాబ్ వేయి, మేమందరం అట్లనే కట్టినం" అంటున్నాడు. పిల్లర్లు లేకపోతే బాధ్యత తనది కాదని మేస్త్రి అంటున్నాడు. మాది ఎర్ర చెల్క నేల, అంటే ఇసుక కలిసిన ఎర్ర మట్టి. ఎవరి మాట వినాలి?

ఎల్బీనగర్ సూపర్‌వైజర్:
తమ్మీ, మేస్త్రి మాట విను. ఇల్లు మళ్లీ మళ్లీ కట్టేది కాదు. రేపు నీకు పెళ్లయితే, మీ తమ్ముడు వేరు పడితే పైన ఇంకో అంతస్తు కావాలి. పిల్లర్లు ఉంటే ధైర్యంగా లేపుకోవచ్చు. గోడల మీద కట్టే పద్ధతి పాతకాలం నాటిది. సిటీలో ఇప్పుడు చిన్న ఇంటికి కూడా పిల్లర్ లేకుండా ముగ్గు పోయరు. డబ్బు మిగుల్చుకోవాలంటే టైల్స్ దగ్గర, రంగుల దగ్గర మిగుల్చుకో. పునాది దగ్గర వద్దు.

అచ్చంపేట డిప్లొమా:
సూపర్‌వైజర్ అన్న చెప్పింది సిటీకి సరిపోతుంది. అక్కడ వంద గజాల్లో మూడు నాలుగు అంతస్తులు లేపుతారు, కింద పార్కింగ్ వదులుతారు. గోడే లేని చోట బరువు మోయడానికి పిల్లర్ కావాల్సిందే. దేవరకొండ పక్క ఊళ్లో, ఒక్క అంతస్తుకు, గట్టి నేలలో ఆ లెక్క పనికిరాదు.

నేను సివిల్ డిప్లొమా చదివి ఊళ్లలోనే పని చేస్తున్నాను. నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. మన ఊళ్లలో పిల్లర్లు వేస్తారు, మళ్లీ చుట్టూ 9 అంగుళాల గోడ కూడా కడతారు. ఆ గోడ ఒక్కటే స్లాబ్ బరువును సులువుగా మోయగలదు. అంటే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెడుతున్నాం. పిల్లర్లు వేసినవాళ్లు గోడ 4 అంగుళాలకు తగ్గిస్తే కనీసం ఇటుక మిగిలేది, కానీ అప్పుడు ఎండాకాలం ఆ ఇంట్లో ఉండలేరు.

లెక్క చూద్దాం. పిల్లర్ 9 బై 12 అంగుళాలు అనుకో. గుంతలో నుంచి స్లాబ్ దాకా 16 అడుగులు. 12 ఎంఎం సలాకలు ఆరు, రింగులు, కింద గుంతలో పరిచే సలాకల జాలీ కలిపితే ఒక్కో పిల్లర్‌కు దగ్గర దగ్గర 50 కిలోల స్టీలు. పన్నెండు పిల్లర్లకు 600 కిలోలు. పిల్లర్లు వేశాక పైన బీములు తప్పవు, వాటికి ఇంకో 150, 200 కిలోలు. కిలో 60 రూపాయలు అనుకున్నా స్టీలుకే 45 వేలు దాటింది. పుటింగులతో (పిల్లర్ల కింద గుంతలో పోసే కాంక్రీటు దిమ్మెలతో) కలిపి వంద బస్తాల సిమెంట్ అదనంగా పోతుంది. 2025 సెప్టెంబర్‌లో సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కాస్త నయం, అయినా 30 వేల పైమాటే. కంకర, గుంతలు తవ్విన కూలి, సెంట్రింగ్ వేరే. గోడల పద్ధతిలో పునాది కాలువకు రాయి ఎక్కువ పడుతుంది, అది తీసేసినా మిగిలేది ఎనభై వేలకు తక్కువ కాదు.

పద్ధతి ఇది. గట్టి మొరం (గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి పొర) తగిలేదాకా రెండున్నర అడుగుల వెడల్పుతో కాలువ తవ్వాలి. సైజు రాయితో కట్టుబడి. దాని మీద ఇల్లు చుట్టూ తెగకుండా ప్లింత్ బీమ్, అంటే సలాకలు కట్టి పోసే కాంక్రీటు పట్టీ. 9 అంగుళాల ఇటుక గోడ. తలుపులు, కిటికీల పైన మళ్లీ చుట్టూ తెగకుండా లింటెల్ బీమ్. ఆ రెండు బీములూ ఇంటికి నడికట్టు లాంటివి, వాటి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. తలుపు గానీ కిటికీ గానీ మూలకు రెండడుగుల లోపు రాకూడదు. ఒక గోడ పొడవులో సగానికి మించి ఖాళీలు ఉండకూడదు. ఇంత చేస్తే పైన ఇంకో అంతస్తు కూడా లేస్తుంది, కింది గోడ మీదనే పై గోడ రావాలి, అంతే.

మక్తల్ రైతు:
డిప్లొమా సార్, మీరు చెప్పింది చెల్కకు కరెక్టే. మా వైపు నల్లరేగడి. మా అన్న గోడల మీద స్లాబ్ వేసి కట్టాడు. మూడో ఎండాకాలానికి కిటికీ మూల నుంచి పైకప్పు దాకా మెట్లు మెట్లుగా పగులు వచ్చింది. వేలు దూరేంత. వానాకాలం వస్తే మూసుకుంటుంది, మళ్లీ ఎండలకు తెరుచుకుంటుంది. సిమెంట్ పెట్టి పూసినా ఆగలేదు. ఇది చదివి రేగడి నేలవాళ్లు కూడా పిల్లర్లు మానేస్తే కొంప కొల్లేరవుతుంది. దయచేసి నేల సంగతి ముందు చెప్పండి.

అచ్చంపేట డిప్లొమా:
మంచి మాట అన్నారు. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద నిలబడిన గోడ కూడా దాంతోపాటు లేస్తుంది, దిగుతుంది. అక్కడ రేగడి దాటి గట్టి పొర దాకా దిగాలి, కాబట్టి పిల్లర్లే మేలు. మక్తల్, గద్వాల, అలంపూర్ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద అక్కడక్కడ ఈ నేల ఉంటుంది. నేను వాదించేది చెల్క, మొరం నేలల్లో ఒక్క అంతస్తు ఇళ్ల గురించే. చెరువు మట్టి పోసి ఎత్తు చేసిన జాగ అయినా సరే, గోడల పద్ధతి వద్దు.

ఎల్బీనగర్ సూపర్‌వైజర్:
ఎనభై వేల కోసం ఇంటిని రిస్కులో పెడతామా? మనిషి ప్రాణం కన్నా ఎక్కువా?

మిర్యాలగూడ టీచరమ్మ:
అన్నా, ఎనభై వేలు మీకు చిన్నగా కనిపించవచ్చు. ఊళ్లో బయట అప్పు రెండు రూపాయల వడ్డీకి దొరికితే అదృష్టం. ఎనభై వేలకు నెలకు 1600, ఏడాదికి 19,200. అది వడ్డీ మాత్రమే, అసలు అట్లనే ఉంటుంది. మా బడికి వచ్చే పిల్లల ఇళ్లలో నేను చూస్తున్నది ఇదే. స్లాబ్ పడింది, తర్వాత చేతిలో పైస లేదు. పూత లేదు, తలుపులకు గోనెపట్టాలు, బాత్రూంకు పైకప్పు లేదు. కానీ మిద్దె మీద మాత్రం పన్నెండు చోట్ల సలాకలు ఆకాశంలోకి నిలబడి తుప్పు పడుతుంటాయి, రేపటి అంతస్తు కోసమట. ఆ అంతస్తు ఎక్కాల్సిన కొడుకు హైదరాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటాడు. ఆడపిల్లకు ఈరోజు కావాల్సింది తలుపు ఉన్న బాత్రూం. ముందు అది చూడండి.

ఇంకో మాట. 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుంది. ఎట్లాగూ కడుతున్నాం కదా అని వరండా కలపకండి తమ్ముడూ.

కోయిలకొండ మేస్త్రి:
సార్లకు నమస్కారం. నేను ముంబై, పుణె అన్నీ తిరిగి వచ్చిన మేస్త్రిని. మా పాలమూరు కూలీలు దేశమంతా డ్యాములు, కాలువలు కట్టారు. రాతి కట్టుబడి మా నాన్నల చేతిలో పని. ఇప్పుడు వచ్చే పిల్లగాళ్లకు అది రాదు. పిల్లర్ పెట్టెలు బిగించడం, పోయడం వచ్చు. తూకం కట్టి 9 అంగుళాల గోడను నిటారుగా లేపడం, మూలల్లో ఇటుకలు పళ్లు పళ్లుగా కలపడం ఓపిక పని. అందుకే 'పిల్లర్ లేకుంటే నా బాధ్యత కాదు' అంటారు. పని రాదని చెప్పరు.

ఇంటివాళ్ల సంగతి కూడా చెప్పాలి. పక్కింటోడు పిల్లర్లు వేస్తే మనం వేయకపోతే పరువు తక్కువ అనుకుంటారు. ఎన్ని పిల్లర్ల ఇల్లు అని పిల్లనిచ్చేవాళ్లు అడిగే రోజులు వచ్చాయి.

ఊళ్లో వేసే పిల్లర్లు ఎట్లా ఉంటున్నాయో కూడా చూడండి. కంకర చేతితో కలుపుతారు, జారడానికి నీళ్లు ఎక్కువ పోస్తారు. రింగులు జానెడు కన్నా ఎక్కువ దూరం. పెట్టె విప్పితే లోపల బొరియలు, సలాక బయటికి కనిపిస్తుంది. పైన సిమెంట్ పూసి మూసేస్తారు. అది పిల్లర్ అనుకుని ధైర్యంగా పడుకుంటున్నారు. సలాక చుట్టూ అంగుళంన్నర కాంక్రీటు లేకపోతే తుప్పు తినేస్తుంది.

ఎల్బీనగర్ సూపర్‌వైజర్:
మేస్త్రి గారు చెప్పింది పని నాణ్యత గురించి. చెత్తగా కడితే గోడ కూడా కూలుతుంది. మంచి గోడ కట్టే మేస్త్రి దొరకడం లేదని మీరే అంటున్నారు. మరి తమ్ముడు ఎవరితో కట్టించాలి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా పిల్లర్లు వద్దనడం నాకు ఒప్పుదల కాదు.

కోయిలకొండ మేస్త్రి:
న్యాయమైన ప్రశ్న. ప్రతి మండలంలో రాతి పని తెలిసిన యాభై ఏళ్లు దాటినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పునాదికి, మూలలకు వాళ్లను పెట్టుకోవాలి. రోజు కూలి వంద, రెండొందలు ఎక్కువైనా ఇవ్వాలి. మిగతా వరుసలు పిల్లగాళ్లు లేపుతారు. వాళ్లకూ పని వస్తుంది.

దేవరకొండ తమ్ముడు:
అందరికీ థ్యాంక్స్. నిన్న జాగలో రెండు మూలల గుంత తీయించాను. మూడు అడుగులకే గట్టి మొరం తగిలింది, గడ్డపార దిగలేదు. పెద్దనాన్నకు తెలిసిన ముసలి మేస్త్రి చింతపల్లిలో ఉన్నాడు, రమ్మని కబురు పంపాం. రెండు డౌట్లు ఉన్నాయి. ఇటుక ఏది తీసుకోవాలి? మెట్లు ఇప్పుడే కట్టాలా?

అచ్చంపేట డిప్లొమా:
మూడు అడుగులకే మొరం అంటే నీ జాగ బంగారం. కాలువ మొత్తం తవ్వాక అన్ని వైపులా అదే పొర ఉందో లేదో చూడు. ఒక మూల మెత్తగా ఉంటే అక్కడ ఇంకా దిగాలి.

ఇటుక మాత్రం బట్టీకి నువ్వే వెళ్లి చూడు. రెండు ఇటుకలు కొడితే గణగణ మోగాలి. ఛాతీ ఎత్తు నుంచి వదిలితే పగలకూడదు. రాత్రంతా నీళ్లలో వేసి తీస్తే అంచులు రాలకూడదు. గోడ బరువు మోయాలి కాబట్టి సగం కాలిన ఇటుక, సిమెంట్ తక్కువ వేసి చేసిన బూడిద ఇటుక వద్దు. ఈ కొలతకు మొత్తం పదకొండు వేల దాకా పడతాయి. ఒకేసారి దింపించుకుంటే ధర తగ్గిస్తారు. ఇసుక కూపన్ కోసం పంచాయతీలో ముందే అడిగి పెట్టు.

మెట్లు ఇప్పుడు కట్టకు. స్లాబ్ మీదికి ఎక్కడానికి ఇనుప నిచ్చెన చాలు. మెట్ల కోసం బయట మూడున్నర అడుగుల జాగ వదిలిపెట్టు, డబ్బు ఉన్నప్పుడు కట్టుకోవచ్చు. పిట్టగోడ కూడా రెండు వరుసలు కట్టి ఆపు, నీళ్లు గోడ మీదికి జారకుండా ఉంటే చాలు. ఆ డబ్బుతో బాత్రూం, తలుపులు పూర్తి చేయి. స్లాబ్ పైన మాత్రం ఏటా మార్చిలో రెండు పూతలు తెల్లసున్నం కొట్టించు. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, సున్నం పూతతో రాత్రి పడుకునే గదిలో తేడా తెలుస్తుంది.

మేస్త్రితో కాగితం రాసుకో: ప్లింత్ బీమ్‌లో ఎన్ని సలాకలు, రింగుల మధ్య దూరం ఎంత, గోడకు ఎన్ని రోజులు నీళ్లు కొడతారు, కూలి ఏ దశలో ఎంత. బేస్‌మెంట్ అయిన రోజే ఫొటో యాప్‌లో ఎక్కించమని పంచాయతీ కార్యదర్శిని అడుగు. ఆ లక్ష ఎంత తొందరగా పడితే నీకు అంత తక్కువ వడ్డీ.

ఎల్బీనగర్ సూపర్‌వైజర్:
నాకింకా పిల్లర్ల మీదే నమ్మకం. కానీ మొరం తగిలిందన్నావు కాబట్టి అడ్డు చెప్పను. లింటెల్ బీమ్ మాత్రం ఒక్క చోట కూడా తెగనీయకు తమ్మీ. సలాకలు కట్టాక, పోయకముందే ఇక్కడ ఫొటోలు పెట్టు, అందరం చూస్తాం.