అప్‌డేట్: ఫ్లాటు, బంగారం సంగతి

పోయిన నెల అడిగాను కదా, విడాకుల కేసులో ఇద్దరి పేరునా ఉన్న ఫ్లాటు, నా పెళ్లి బంగారం ఎవరికి వస్తాయని. మన దగ్గర ఆస్తి చెరిసగం పంచాలనే చట్టం లేదని లాయరుగారు ముందే చెప్పారు. ఎవరి పేరున ఉంది, ఎవరు కట్టారు అన్నదే ముఖ్యమట. అందుకే ఆరేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని, నా జీతంలోంచి పోయిన ప్రతి ఈఎంఐ కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. చేతులు వణికాయి.

బంగారం మాత్రం స్త్రీధనం, అంటే పెళ్లిలో ఆడపిల్లకి పెట్టిన సొత్తు, పూర్తిగా నాదే; 1985లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పెళ్లి ఆల్బంలో అమ్మ పెట్టిన కాసులపేరు నా మెడలో స్పష్టంగా కనిపిస్తోంది, ఆ ఫొటో కూడా ఇచ్చాం. నిన్న ఫ్యామిలీ కోర్టు కౌన్సెలింగులో నగలు తిరిగిస్తానని మా ఆయన రాసిచ్చారు. ఫ్లాటు వాటా ఇంకా తేలలేదు, ఆ టెన్షన్ ఉంది. రసీదులన్నీ వెతికి తీయమన్న అక్కకి దండాలు.