ఆశ్వికదళం అంటే గుర్రమా, ట్యాంకా? అరుణ్ ఖేత్రపాల్ గురించి మావాడి రెండు ప్రశ్నలు

కోనసీమ_నాన్న

నమస్తే అండి. మాది రాజోలు పక్కన ఒక లంక ఊరు. మావాడు ఎనిమిదో తరగతి. డిసెంబర్ 16 విజయ్ దివస్ అని బళ్లో పిల్లల చేత చీటీలు తీయించారట, ఒక్కొక్కరికీ ఒక్కో పరమవీర చక్ర వీరుడు. మావాడికి సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ వచ్చాడు. ఐదు నిమిషాలు మాట్లాడాలి, చార్టు మీద బొమ్మ కూడా వేయాలి. మాటల సంగతి తర్వాత చూద్దామని వెధవ ముందు బొమ్మకి కూర్చున్నాడు.

వాడి దగ్గరున్న పుస్తకంలో "పూనా హార్స్ అనే అశ్వికదళానికి చెందిన యువ అధికారి" అని ఒక్క ముక్క ఉంది. ఇంకేం, ముందు కాళ్ళు పైకెత్తిన గుర్రం, మీద కుర్రాడు, చేతిలో కత్తి, వెనకాల కాలవ, మూడు కొబ్బరిచెట్లు. గుర్రం మటుకు అచ్చం మా ఊళ్ళోకి పెళ్ళి ఊరేగింపులకి తోలుకొచ్చే తెల్ల గుర్రమే. 1971 పాకిస్తాన్ యుద్ధంలో కూడా గుర్రాల మీద పోరాడారంటారా? నాకు నమ్మకం లేదు గానీ పేరులోనే హార్స్ ఉంది కదా నాన్నా అంటే ఏం చెప్పాలో తోచలేదు.

రెండోది అసలు టెన్షన్. ఆయన ట్యాంకు అంటుకుంటే పైఅధికారి దిగిపొమ్మన్నారని, ఈయన దిగలేదని వాడు ఎక్కడో విన్నాడు. "మేం చెప్పిన మాట వినకపోతే బెంచీ ఎక్కిస్తారు, ఆయనకి పతకం ఎలా ఇచ్చారు?" అని రాత్రి అన్నం తింటూ అడిగాడు. కూర బాగుందా లేదా అని మాట మార్చేశాను. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాత_ఫౌజీ

నాన్నగారూ, ముందు గుర్రం సంగతి. మీవాడిది పెద్ద తప్పేం కాదు, ఓ ముప్పై ఏళ్ళు ఆలస్యమయ్యాడంతే. నేను ఆర్మర్డ్ కోర్‌లో, అంటే ట్యాంకుల దళంలో, డ్రైవర్‌గా చేసి వచ్చాను, మాది తాడేపల్లిగూడెం వైపు. మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు, ఆ చుట్టుపక్కల ఫౌజు మాట ఎత్తని ఇల్లు ఉండదు. నాది పూనా హార్స్ కాదు, నేను నడిపిందీ అరుణ్ వాడిన సెంచూరియన్ ట్యాంకు కాదు, అందుకని ఆ రెజిమెంటు గొప్పలు నావిగా చెప్పుకోను.

పూనా హార్స్ 1817 నాటిది. అప్పట్లో నిజంగా గుర్రాలే. మన సైన్యంలో గుర్రాలు తీసేసి బండ్లు, ట్యాంకులు ఇవ్వడం 1938 ప్రాంతంలో మొదలైంది. గుర్రం పోయినా పేర్లు పోలేదు. హార్స్, లాన్సర్స్, క్యావల్రీ అన్నీ అలాగే ఉన్నాయి. కాలిబంటు దళంలో సిపాయి అంటారు, మా దగ్గర సవార్ అంటారు, అంటే మన సామెతలో రౌతే. హవల్దారుకి బదులు దఫేదారు. కలెక్టరు గారి ముందు డవాలా వేసుకుని నడిచే దఫేదారు ఉంటాడు చూడండి, ఆ మాట కూడా ఈ రిసాలాల్లోంచి, అంటే గుర్రపు దళాల్లోంచి వచ్చిందే. ఇప్పటికీ నిజం గుర్రాలతో ఉన్న రెజిమెంటు కావాలంటే జైపూర్‌లో 61వ క్యావల్రీ ఉంది.

కాబట్టి గుర్రం చెరిపించి ట్యాంకు వేయించండి. సెంచూరియన్ ట్యాంకు, బ్రిటన్‌లో తయారైంది, సుమారు 50 టన్నులు. అరుణ్ ట్యాంకు పేరు ఫమగుస్తా. సైప్రస్‌లో ఒక రేవు పేరు అది. బొమ్మ మీద ఆ పేరు రాయమనండి, టీచరు ముచ్చట పడతారు.

ఇక మనిషి సంగతి. 1950 అక్టోబర్ 14న పూణెలో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఇంజినీరు. కుర్రాడు సనావర్ లారెన్స్ స్కూల్లో చదివి, 1967లో సైనిక శిక్షణ ఇచ్చే ఎన్‌డీఏలో చేరి, 1971 జూన్ 13న పూనా హార్స్‌లో ఆఫీసరయ్యాడు. చనిపోయింది డిసెంబర్ 16న. అంటే ఉద్యోగంలో చేరి సరిగ్గా ఆరు నెలల మూడు రోజులు. ఆ లెక్క మీవాడి చేతే కట్టించండి, వాడే బోర్డు మీద రాసి చెబితే క్లాసులో ఎవడూ మర్చిపోడు.

యుద్ధం వచ్చేసరికి ఆయన ట్రైనింగ్ కోర్సు మధ్యలో ఉన్నాడు. హుటాహుటిన రమ్మంటే దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్ళి, సామాన్లలో గోల్ఫ్ కర్రలు, విందులకి వేసుకునే నీలం రంగు డ్రెస్సు కూడా సర్దుకున్నాడు. ఎందుకురా అంటే లాహోర్‌లో గోల్ఫ్ ఆడాలి, గెలిచాక విందు ఉంటుంది కదా అన్నాడట. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు అలాగే మాట్లాడతాడు మరి.

ఆయన పోరాడింది బసంతర్ దగ్గర. అది పాకిస్తాన్‌లో షకర్‌గఢ్ వైపు ఒక చిన్న నది, రావిలో కలుస్తుంది. డిసెంబర్ 15 రాత్రికి మన కాలిబంటు దళం నది దాటి అవతల గట్టున పట్టు దొరికించుకుంది. దారి నిండా మందుపాతరలు. ఇంజినీర్లు ఇంకా ఏరుతూనే ఉన్నారు, పని సగంలో ఉండగానే అవతల పాకిస్తాన్ ట్యాంకులు కదులుతున్నాయని కబురు. రెజిమెంటు కమాండర్ హనూత్ సింగ్, ఏరడం పూర్తయ్యేదాకా ఆగకుండా, ఆ పాతరల మధ్యనుంచే ట్యాంకులు తోలించాడు. నేను ట్యాంకు నడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ముందు కూర్చున్న డ్రైవరుకి ఆ కొద్ది కంత లోంచి ఏం కనబడుతుంది, అందులోనూ రాత్రి! చెవిలో కమాండర్ గొంతు ఒక్కటే దిక్కు. అది వణికిందా, డ్రైవరు కాలు కూడా వణుకుతుంది.

16 పొద్దున ఎనిమిది గంటలకి పొగ తెర మాటున పాకిస్తాన్ 13 లాన్సర్స్ ప్యాటన్ ట్యాంకులతో ఎదురుదాడి చేసింది. అదీ ఒకప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రెజిమెంటే, 1947 పంపకాల్లో అటు వెళ్ళింది. జర్పాల్ అనే ఊరి దగ్గరున్న మన బీ స్క్వాడ్రన్, అంటే రెజిమెంటులో ఒక ట్యాంకుల జట్టు, ఇంకా మనుషులు కావాలని వైర్‌లెస్‌లో అడిగితే అరుణ్ తనంతట తానే వస్తానని బయల్దేరాడు. దారిలో ఇంకా శత్రువు చేతుల్లో ఉన్న మోర్చాలు తగిలితే వాటి మీదకే ట్యాంకులు తోలి, పిస్తోలు చూపించి సైనికుల్ని పట్టుకున్నాడు. ఆ తర్వాత అసలు పోరు. అక్కడ మనవి మూడే ట్యాంకులు. ఒకటి దెబ్బ తింది, ఇంకోదాని ఫిరంగి మొరాయించింది. మిగిలింది ఫమగుస్తా.

ఆర్డర్ సంగతి సాయంత్రం రాస్తాను, చేపల చెరువు దగ్గరికి వెళ్ళాలి.

దమ్ముచక్రం

నేను ఆకివీడు దగ్గర ట్రాక్టరు తోలుకునేవాణ్ణి. దమ్ములో రెండు టన్నుల బండి దిగబడితేనే ఊరంతా వచ్చి తాళ్ళు కట్టి లాగాలి, యాభై టన్నులది నది బురదలో ఎలా వెళ్ళిందా అని ఫౌజీ గారు రాసింది చదివిన దగ్గర్నుంచీ అదే ఆలోచన. మేం చక్రాలు తీసి ఇనుప చక్రాలు వేసుకుంటాం కదా, ఆ గొలుసు పట్టా కూడా అదే కిటుకు అనుకుంటా, బరువంతా ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది.

రెండో ప్రశ్నకి నాకు తోచింది చెబుతాను. 86 ఆగస్టు వరదల్లో మా నాన్న, ఇంకో పదిమంది ఏటిగట్టు కాపలా ఉన్నారు. అర్ధరాత్రి గట్టుకి బుంగ పడింది. ఒక ఆఫీసరు వచ్చి అందరూ దిగిపోండి, ఇక ఆగదు అన్నాడు. ఆయన తప్పు కాదు, మనుషులు పోతే ఆయనే జవాబు చెప్పుకోవాలి. కానీ బుంగ పక్కన నిలబడ్డవాడికి ఇంకో వంద బస్తాలు పడితే ఆగుతుందని కళ్ళకి కనబడుతోంది. వీళ్ళు దిగలేదు. ఆగింది. పొద్దున్నే అదే ఆఫీసరు టీ ఇప్పించాడు. అరుణ్ కూడా అలాంటివాడే అని మీవాడికి చెప్పండి. ట్యాంకు కాలుతోంది గానీ ఫిరంగి పేలుతోంది, ఆ సంగతి వైర్‌లెస్‌లో ఉన్నవాడి కంటే లోపలున్నవాడికే తెలుసు.

పాత_ఫౌజీ

చక్రం గారు నా పని తగ్గించారు. అరుణ్ ఇచ్చిన జవాబు కూడా దాదాపు అదే. దిగను, నా ఫిరంగి ఇంకా పనిచేస్తోంది అన్నాడు, ఒక బూతు కూడా కలిపాడు, అది బళ్లో చెప్పకండి. రేడియో కట్టేశాడు.

పతకం పత్రంలో ఈ విషయం దాచలేదు నాన్నగారూ, అదే నాకు నచ్చింది. ట్యాంకు వదిలి వెళ్ళమని ఆదేశం వచ్చిందని రాసి, తన ముందున్న శత్రువు ఇంకా వస్తూనే ఉన్నాడని, తను కదిలితే అటునుంచి చొచ్చుకొస్తారని గ్రహించి నిలబడ్డాడని రాశారు. అంటే దిగమన్నది ఆయన ప్రాణం కోసం, దిగనన్నది వెనకాల ఉన్నవాళ్ళ కోసం. బెంచీ ఎక్కించే తప్పు వేరు, మనిషి తన సుఖం కోసం చెప్పిన మాట తప్పడం. మీవాడికి ఈ తేడా చాలు. ఆ తర్వాత అరుణ్ ఇంకో ట్యాంకుని కొట్టాడు, అప్పుడు రెండో దెబ్బ తగిలింది. చివరి ట్యాంకుకీ ఈయనకీ మధ్య కూతవేటు దూరం కూడా లేదు. ఆ రోజు ఆయనతో ఉన్న రేడియో ఆపరేటర్ సవార్ నంద్ సింగ్ కూడా పోయాడు, గన్నర్ నాథూ సింగ్, డ్రైవర్ ప్రయాగ్ సింగ్ బతికారు. ఈ మూడు పేర్లు కూడా చెప్పించండి. ఆఫీసరు ఒక్కడే ట్యాంకు నడపలేడు, ఇది డ్రైవరు బాధ అనుకోండి.

ఆ రెజిమెంటుకి ముందే ఒక పరమవీర చక్ర ఉంది, 1965లో కల్నల్ తారాపోర్ గారిది. ఆయన మొదట మన హైదరాబాదు నిజాం లాన్సర్స్‌లో చేశారు. పోయింది సెప్టెంబర్ 16న. ఇద్దరికీ పదహారే.

సూర్యకాంతం_గారి_కోడలు

మావాడు పోయిన ఏడాది సైన్యంలో చేరాడు, అందుకని ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. చక్రం గారూ ఏమీ అనుకోకండి, మీ నాన్నగారు బతికి ఇంటికొచ్చి టీ తాగారు కాబట్టి ఆ కథ మీరు నవ్వుతూ చెబుతున్నారు. అదే బుంగలో కొట్టుకుపోయి ఉంటే ఆయన ఆ ఆఫీసరు మాట విని ఉంటే బాగుండేది అని మీ అమ్మగారు అనుకునేవారా కాదా? నేనైతే అనుకుంటాను. దానివల్ల ఆ అబ్బాయి ధైర్యం తక్కువైపోదు.

డిసెంబర్ 16నే ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాడు రాత్రికి పడమటి వైపు కూడా కాల్పులు ఆగిపోయాయి. దేశమంతా పండగ, వాళ్ళింట్లో కూడా యుద్ధం అయిపోయింది ఇక పిల్లాడు వస్తాడనే ఉన్నారు. టెలిగ్రాం ఆ తర్వాత వచ్చింది. ఇంకొక్క రోజు గడిస్తే చాలు కదా అని నాకు అక్కడే ఆగిపోతుంది. 72లో ఆ పతకం తల్లి మహేశ్వరి గారు అందుకున్నారు.

నాన్నగారూ, మీవాడు ఐదు నిమిషాల్లో ఒక నిమిషం ఇది కూడా చెబితే బాగుంటుంది. 2001లో అరుణ్ తండ్రి, అప్పటికి 81 ఏళ్ళు, తను పుట్టిన ఊరు సర్గోధా ఒకసారి చూసి రావాలని పాకిస్తాన్ వెళ్ళారు. లాహోర్‌లో ఒక రిటైర్డ్ బ్రిగేడియర్ ఇంట్లో బస. ఆయన పేరు ఖ్వాజా మహమ్మద్ నాసర్. ఇంటిల్లిపాదీ ఎంతో మర్యాదగా చూశారు, మరీ అంత మర్యాద ఎందుకా అని పెద్దాయనకే అనిపించిందట. తిరుగు ప్రయాణం ముందు రాత్రి నాసర్ ఆయన్ని పెరట్లో కూర్చోబెట్టి, మీ అబ్బాయి నా చేతిలో పోయాడండి, ఆ రోజు ఎదుటి ట్యాంకులో ఉన్నది నేనే అని చెప్పాడు. మీవాడు కొండలా నిలబడ్డాడు అని కూడా అన్నాడు.

పెద్దాయన ఏం చేయాలి చెప్పండి, వాళ్ళింట్లో మూడు పూటలా తిన్న చేయి. ఆయనా సైనికుడే, అతని పని అతను చేశాడు అనుకుని వచ్చేశారు. మా ఇంట్లో ఇది చదివి వినిపిస్తే మా అత్తగారు, అవతలాయన చెప్పకుండా ఉండాల్సింది అన్నారు. మా ఆయన, చెప్పకపోతే ఆయనకి నిద్ర పట్టదు కదమ్మా అన్నారు. రెండు రోజుల నుంచీ ఇదే వాదన నడుస్తోంది.

దమ్ముచక్రం

అమ్మా, మీరన్నది నిజమే. మా అమ్మ ఆ రాత్రంతా అరుగు మీదే కూర్చుందట, పొద్దున నాన్న వస్తే నెల రోజులు మాట్లాడలేదు. ఆ ముక్క రాయలేదు నేను.

కోనసీమ_నాన్న

అందరికీ దండాలండి. మొత్తం మావాడికి చదివి వినిపించాను. లెక్క కట్టించాను, ఆరు నెలల మూడు రోజులు అని వచ్చాక, "నాన్నా, మా హాఫియర్లీ నుంచి యాన్యువల్ దాకా అన్నమాట" అన్నాడు. నాసర్ గారి దగ్గర మటుకు చాలాసేపు ఏం మాట్లాడలేదు. అండమాన్‌లో ఒక దీవికి అరుణ్ ఖేత్రపాల్ పేరు పెట్టారని 2023 నాటి వార్త వాడే వెతుక్కున్నాడు, అది చివర్లో చెబుతాడట.

బొమ్మ మళ్ళీ వేశాడు. గుర్రం రబ్బరుతో గీకి గీకి తీసేశాడు గానీ కాళ్ళ మరక ఇంకా కనబడుతోంది, దాని మీదే ట్యాంకు పట్టాలు వచ్చాయి. ఫమగుస్తా అని తెలుగులో రాశాడు. పైన మూతలోంచి తల, పక్కన ఇంకో మూడు తలలు, ఫౌజీ గారూ, డ్రైవరుకి మీసం పెట్టాడు. కత్తి తీసేయమంటే తీసి, ట్యాంకు వెనక సామాన్లలో గోల్ఫ్ కర్ర పెట్టాడు, అది చూడ్డానికి హాకీ కర్రలా ఉంది.

కొబ్బరిచెట్లు మటుకు తీయనన్నాడు. అక్కడ ఉండవురా అంటే, "దిగమన్నా దిగకపోవడం ఒప్పుకున్నారుగా, ఇవీ ఉండనీండి" అంటున్నాడు. వాళ్ళమ్మ ఉండనీ అంది.