నాన్నకి పిక్క పట్టేస్తోంది: స్టెంటు వేయించాలా, ఆగాలా?

టంగుటూరు పిల్లోడు:
మా నాన్నకి 63. పొగాకు రైతు, రోజుకి నాలుగు చుట్టలు, పైగా షుగరు. ఇంటి నుంచి పొగాకు కాల్చే బ్యారన్ దాకా నడిచేలోపు కుడి పిక్క పట్టేసి రెండుసార్లు ఆగుతాడు. రెండు నిమిషాలు నిలబడితే వదిలేస్తది. నరాల బలహీనత అంటే ఆరు నెలలు సూదులేయించాం, దండగ. ఇప్పుడు ఒంగోల్లో డాప్లర్ స్కాన్ తీయిస్తే తొడలో రక్తనాళం పూడిందన్నారు. ఒకాయన వెంటనే స్టెంటు అన్నాడు, ఇంకొకాయన మూడు నెలలు మందులు, నడక అన్నాడు. నొప్పి కాలితో నడవమంటే నాన్న నవ్వుతున్నాడు. ఏం చేయమంటారు?

కావలి స్టీరింగు:
అబ్బయా, ముందు ఇది చెప్పు. రాత్రిళ్ళు పాదం మంటెత్తి కాలు మంచం కిందకి వేలాడేస్తాడా? వేళ్ళ మీద మానని పుండుందా? ఉంటే ఇక్కడ అడగడం మానేసి రేపే రక్తనాళాల సర్జన్ దగ్గరికి పో. లేదంటే తొందరేం లేదు.

నేను బస్సు నడిపి రిటైరైనోణ్ణి, బీడీలు కాల్చినోణ్ణి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే నాకు 0.62. 0.9కి తక్కువైతే కాలి రక్తనాళాలు పూడిన జబ్బున్నట్టే. మా వీధి కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటా నడిచా. మొదట్లో నాలుగో స్తంభానికే పిక్క రాయయ్యేది. నొప్పి గట్టిగా పట్టేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి, అట్టా అరగంటకి పైనే. ఊరికే నిలబడితే ఏంది పెద్దాయనా అని అడిగేవోళ్ళే, అందుకని ఫోను చెవిలో పెట్టుకునేవోణ్ణి. మూడు నెలలకి పదకొండు స్తంభాలు! రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గడానికి స్టాటిన్ ఎటూ తప్పవు. నడిచే దూరం పెంచే మాత్ర సిలోస్టజాల్‌కి తలనొప్పి, దడ వచ్చినయి, తర్వాత సర్దుకున్నయి. గుండె వీకైనోళ్ళకి మాత్రం అది ఇవ్వకూడదు. చుట్ట మానకుంటే స్టెంటేసినా మళ్ళీ పూడిపోద్ది.

నెల్లూరు సిస్టరు:
షుగరున్నోళ్ళ రక్తనాళాలకి సున్నం పట్టి ఆ చీలమండ లెక్క లేనిపోనంత ఎక్కువ చూపిస్తుంది తమ్ముడూ. 1.4 దాటితే నమ్మొద్దు, బొటనవేలి ప్రెషరు చూడమను. రక్తనాళాలు చూసే సీటీ యాంజియో స్కాన్ రాస్తే ముందు కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పూడిక బాగా పొడవైతే కాలి సిరనే తీసి బైపాస్ చేస్తారు. వేన్నీళ్ళ కాపడం మాత్రం పెట్టొద్దు, స్పర్శ తెలీక కాలుతుంది. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే అది గంటల్లో తేల్చాల్సిన ఎమర్జెన్సీ.

టంగుటూరు పిల్లోడు:
కాలు వేలాడెయ్యడం లేదన్నాడు. నమ్మబుద్ధి కాక చెప్పు తీయించి చూశా. చిటికెనవేలి పక్కన శనగగింజంత పుండు. నెల నుంచీ పసుపు అద్దుతున్నాడంట, అమ్మక్కూడా చెప్పలా. పొద్దున్నే నెల్లూరు బస్సెక్కుతున్నాం.