చివరి దశ రోగుల దగ్గర తోడుగా కూర్చోవాలనుంది, పనికొస్తానా?

ప్రశ్న (కర్నూలు, బి.క్యాంపు):
ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. పోయినేడు మా బావమరిది క్యాన్సర్‌తో పోయాడు. చూడ్డానికొచ్చినవాళ్లంతా గుమ్మం దగ్గరే నిలబడి ‘అయ్యో’ అని వెళ్లిపోయేవాళ్లు. అలాంటివాళ్ల దగ్గర కాసేపు కూర్చునే పని చేయాలనుంది. సూది వేయడం, బీపీ చూడడం నాకు రాదు. ఎక్కడ నేర్పిస్తారు?

జవాబు (నర్సు, అనంతపురం):
ఎందుకు పనికిరారన్నా! సూదులు, మాత్రలు మా పని, మీరు వాటిని ముట్టుకోకూడదు కూడా. పొద్దున్నుంచీ మంచం దగ్గరే ఉన్న కోడలు స్నానం చేసి నాలుగు ముద్దలు తినొచ్చేదాకా మీరుంటే చాలు. పెదవులు ఎండితే తడి దూదితో అద్దాలి. పక్క మార్చేటప్పుడు మాకు చేయి సాయం కావాలి. దుప్పటి ముడత నడుము కింద ఉండిపోయిందా, పుండు అక్కడే మొదలవుతుంది. ఊరికే మాట్లాడకుండా కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం, మనవాళ్లకు మరీనూ.

గొడవంతా తిండి దగ్గరే. ‘తినకపోతే ఎట్లా’ అని సంగటి ముద్ద బలవంతంగా నోట్లో పెడతారు. చివరి రోజుల్లో ఒంటికి ఆకలుండదు, మింగలేక పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీరు వాదనకు దిగొద్దు, నర్సుతో చెప్పండి.

ఒక మాట. సొంత మనిషి పోయిన దుఃఖం ఇంకా పచ్చిగా ఉంటే కొన్నాళ్లు ఆగమంటాం. ఏమనుకోవద్దు.

జవాబు (కడప):
కేరళను చూడండి. అక్కడ ఇలాంటి రోగుల సేవ 1993లో కోళికోడ్‌లో ఒక చిన్న క్లినిక్‌గా మొదలైంది, ఇప్పుడు ఊరూరా మామూలు జనమే వలంటీర్లు. చివరి దశ రోగులను చూసుకునే చోట్లు (హాస్పిస్‌లు) మనకు దగ్గర్లో బెంగళూరులో కరుణాశ్రయ, హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉన్నాయి. ముందు ఫోన్ చేసి శిక్షణ గురించి కనుక్కోండి. మీకు రెండూ ఒకే హైవే మీద, బస్సు పాసుంటే ఇంకేం!
గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందంటే ఇంట్లోవాళ్లకు టెన్షన్, అలవాటైపోతుందని. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి వేరే మందిస్తారు.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ థాంక్స్. జబ్బు సంగతి ఇంట్లోవాళ్లు దాచిపెట్టి ఉంటే, ఆయనే ‘నాకేమైంది?’ అని నన్నడిగితే?

నర్సు:
అడుగుతారు, అదీ ఇంట్లోవాళ్లు లేనప్పుడు చూసి. ‘ఏం కాదు, తగ్గిపోతుంది’ అనొద్దు, జబ్బు పేరూ మీరు చెప్పొద్దు. ‘మీకేమనిపిస్తోంది?’ అని అడిగి వినండి. సగం మందికి ముందే తెలుసు. ఆయన అన్నది అన్నట్టు డాక్టరుకు చేరేయండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడేది మేము.