ప్యానెళ్లు తగ్గితే బంతికి పిచ్చెక్కుతుందా? జబులాని నుంచి ట్రయోండా దాకా

ఆఫ్‌సైడ్ అప్పారావు

చర్చకు పెడుతున్నా. 2026 ప్రపంచకప్ బంతి ట్రయోండాకి ఉన్నవి నాలుగే ప్యానెళ్లు, అంటే పై తొడుగు ముక్కలు. 1970 టెల్‌స్టార్‌కి 32 ఉండేవి. 2006 టీమ్‌గైస్ట్‌కి 14, 2010 జబులానికి 8, 2014 బ్రజూకాకీ 2018 టెల్‌స్టార్ 18కీ ఆరేసి. 2022 అల్ రిహ్లా 20కి ఎక్కింది, ఆ వెంటనే నాలుగుకి దిగాం. ముక్కలు తగ్గితే అతుకులు తగ్గుతాయి, అతుకులు తగ్గితే బంతి నున్నగా అవుతుంది, నున్నటి బంతి గాల్లో తూలుతుంది. జబులానిని బ్రెజిల్ గోలీ జూలియో సెజార్ సూపర్‌మార్కెట్‌లో అమ్మే చవక బంతితో పోల్చింది ఊరికే కాదు. ఎనిమిది ముక్కలకే అంత గోల అయితే నాలుగు ముక్కలకి గోలీల పని అయిపోయినట్టే. కాదనేవాళ్లు లెక్కతో రండి, అభిమానంతో కాదు.

గాలిసొరంగం

అప్పారావు గారూ, ముక్కలు లెక్కపెట్టి లాభం లేదండి. మీ గొలుసులో మొదటి లంకెలోనే తప్పుంది. జబులానికి 8 ముక్కలు, మొత్తం అతుకుల పొడవు సుమారు 2 మీటర్లు, లోతు అర మిల్లీమీటరు. బ్రజూకాకి 6 ముక్కలే, కానీ అతుకుల పొడవు సుమారు 3.3 మీటర్లు, లోతు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ముక్కలు తగ్గాయి, అతుకు పెరిగింది. ఎలాగంటారా? ఎకరం పొలమే అయినా గట్టు వంకరటింకరగా వేస్తే గట్టు పొడవు పెరగదూ? బ్రజూకా ముక్కలు ఫ్యాను రెక్కల్లా వంపులు తిరిగి ఒకదాంట్లో ఒకటి దూరుతాయి. పాత 32 ముక్కల బంతికి అతుకు సుమారు 4 మీటర్లు. అంటే ఆరు ముక్కల బ్రజూకా జబులాని కంటే ఆ పాత బంతికే దగ్గర.

అతుకు ఎందుకు ముఖ్యమంటే, ఎగిరే బంతి ఒంటిని పల్చటి గాలి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. వేగం తక్కువున్నప్పుడు ఆ పొర సాఫీగా వచ్చి బంతి నడుము దగ్గరే విడిపోతుంది. వెనక పెద్ద సుడి మిగిలి బంతిని గుంజుతుంది. వేగం ఒక హద్దు దాటాక పొర కల్లోలమై, వీపు దాకా అతుక్కుని పోతుంది. సుడి చిన్నదవుతుంది, గాలి బంతిని ఎంత గుంజుతుందో చెప్పే డ్రాగ్ గుణకం 0.5 దగ్గర్నుంచి 0.2 దగ్గరికి పడుతుంది. ఇది చిన్న తేడా కాదు. గంటకు 72 కి.మీ. వేగంలో గుణకం 0.5 అయితే గాలి గుంజే బలం 4.6 న్యూటన్లు, 0.2 అయితే 1.8. బంతి బరువే 4.2 న్యూటన్లు.

అతుకులూ గరుకూ ఎక్కువుంటే ఈ హద్దు తక్కువ వేగంలోనే వస్తుంది. హద్దుకి అటూఇటూగా ఉన్నప్పుడు ఒక పక్క పొర కల్లోలంగా, రెండో పక్క సాఫీగా ఉండి బంతి పక్కకి జరుగుతుంది. క్రికెట్‌లో సీమ్ నిలబెట్టి కావాలని చేయించే స్వింగ్ ఇదే. ఫుట్‌బాల్‌లో స్పిన్ లేకుండా వస్తే అదే పని తనంతట తాను, ఏ పక్కకో చెప్పకుండా జరుగుతుంది. క్రికెట్ బంతి స్వింగ్ మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన రవీంద్ర మెహతా నాసా ఏమ్స్ కేంద్రంలో వీటినీ పరీక్షించారు. జబులాని తూలేది గంటకు 80 నుంచి 88 కి.మీ. మధ్య, పాత తరహా బంతీ బ్రజూకా తూలేది 50 కి.మీ. దగ్గర.

దీన్ని 25 మీటర్ల ఫ్రీకిక్‌లో పెట్టి చూడండి. స్పిన్ లేకుండా గంటకు 100 కి.మీ.తో కొడితే సముద్రమట్టంలో గోల్ లైన్ చేరడానికి దాదాపు ఒక సెకను, చేరేసరికి వేగం 77 కి.మీ. 85 కి.మీ.కి పడేది సుమారు 15 మీటర్ల దగ్గర. అంటే 9.15 మీటర్ల దగ్గర నిలబడ్డ డిఫెండర్ల గోడని దాటి, గోలీకి 10 మీటర్ల దూరంలో ఉండగా జబులాని తన తూలుడు వేగంలోకి దిగుతుంది. బ్రజూకా 50 కి.మీ.కి పడాలంటే 60 మీటర్లకు పైగా పోవాలి. ఆలోపు వల తగులుతుంది.

లెక్కల పుల్ల

వినడానికి బాగుంది. మరి ఫలితాల్లో ఏదీ? 2006లో 64 మ్యాచ్‌లకి 147 గోల్స్, 2010లో 64కి 145. రెండు గోల్స్ తేడాకి ఇంత పురాణమా? మ్యాచ్‌కి గోల్స్ అన్నిటికంటే తక్కువ పడింది 1990లో, 52 మ్యాచ్‌లకి 115. ఆ బంతి 32 ముక్కలదే. 2014లో 171 పడ్డాయి కదా, బ్రజూకా గొప్పదనమే అంటారేమో. 1998లోనూ 64 మ్యాచ్‌లకి 171 పడ్డాయి, అదీ 32 ముక్కల బంతితోనే.

ఓడినవాడికి బంతి ఎప్పుడూ చెడ్డదే. 1930 ఫైనల్‌లో ఎవరి బంతి వాడాలో తెగక మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడారు. సగానికి అర్జెంటీనా 2-1 ఆధిక్యం, చివరికి ఉరుగ్వే 4-2. ఇక మొదలు, తొంభై ఏళ్లుగా అదే సాకు. 2010లో అమెరికా మీద ఇంగ్లండ్ గోలీ రాబర్ట్ గ్రీన్ వదిలేసిన బంతి గాల్లో తూలిందా? నేల మీద దొర్లుకుంటూ వచ్చినంత పని. చెయ్యి తప్పింది, అంతే.

రెండోపోస్టు

పుల్ల గారూ, గ్రీన్ సంగతిలో మీతో ఉన్నా. గోల్స్ మొత్తంతో బంతిని కొలవడం మాత్రం ఒప్పుకోను. తూలే బంతి గోలీనే కాదు, కొట్టేవాణ్ణీ ముంచుతుంది. క్రాస్ దూరపు పోస్టు దాటిపోతుంది, షాట్ బార్ పైనుంచి పోతుంది. అటు పోయినవీ ఇటు వచ్చినవీ కొట్టేసుకుంటే మొత్తం 145 దగ్గరే నిలుస్తుంది. అందులో బంతి చేసిన మార్పు కనపడదు.

చూడాల్సింది గోలీ చేతుల్లో. గాలిసొరంగం గారి లెక్క ప్రకారం చివరి 10 మీటర్లకి 0.4 సెకన్ల చిల్లర పడుతుంది. కంటికి కనపడి చెయ్యి కదలడానికే 0.2 పోతుంది. మిగిలేది ఒక్క నిర్ణయం, సవరణకి తావు లేదు. మామూలు బంతికి బొటనవేళ్లు దగ్గరపెట్టి అరచేతులు వెనక పెడితే పట్టు దొరుకుతుంది. అర జాన పక్కకి జరిగితే అదే బంతి వేళ్ల కొసలకి తగిలి ముందుకి, పెనాల్టీ స్పాట్ వైపు పడుతుంది. అత్యంత చెడ్డ చోటు అదే. అందుకే స్పిన్ లేకుండా వచ్చేదాన్ని పట్టాలని చూడకూడదు. రెండు అరచేతులు గట్టిగా పెట్టి పోస్టు బయటికి నెట్టాలి, లేదా పిడికిళ్లతో కొట్టాలి. ఛాతీ బంతి దారిలో ఉండాలి, చేతులు మాత్రమే చాచి దూకితే గోల్. ఇంకో అడుగు లైన్ వైపు వెనక్కి నిలబడితే చూసే సమయం కాస్త పెరుగుతుంది. దానివల్ల కోణం పెద్దదవుతుంది, ఆ నష్టం భరించాల్సిందే. రీబౌండ్ ఖాయం అనుకుని ఇద్దరు డిఫెండర్లు కొట్టిన క్షణమే లోపలికి పరిగెత్తాలి. చాలా జట్లు ఈ చివరిదే మర్చిపోతాయి.

వాన పడితే ఇంకో తిప్పలు. వేడితో అతికించిన బంతి నీళ్లు పీల్చదు, పాత తోలు బంతిలా బరువెక్కదు. తడి మాత్రం ఒంటి మీదే నిలిచి జారుతుంది.

సూది-పంపు

అన్నలూ, బంతిని తిడుతున్రు, గోలీని తిడుతున్రు గని ఎత్తు సంగతి ఒక్కరన్న అడగరేంది? 2010 కప్పు జరిగిన దక్షిణాఫ్రికాల పది స్టేడియాలుంటే ఆరు 1,200 మీటర్లకు పైననే ఉన్నయి. జొహానెస్‌బర్గ్ సాకర్ సిటీ 1,750 మీటర్లు. ఆడ గాలి సముద్రమట్టం కంటే ఆరో వంతు పల్చగుంటది. గాలి పల్చగైతే డ్రాగ్ తగ్గుతది, స్పిన్‌తోటి వచ్చే వంపు కూడా తగ్గుతది. సముద్రం ఒడ్డునున్న డర్బన్‌ల బార్ కిందికి దిగే కిక్కు జొహానెస్‌బర్గ్‌ల పైకెళ్లి పోతది. గ్రీన్ వదిలేసిన రస్టెన్‌బర్గ్ 1,500 మీటర్లు, అల్జీరియా గోలీ షావుషీ తడబడ్డ పొలోక్వానే 1,300. జబులాని ఒక్కదాన్నే దోషి చేసుడు న్యాయం కాదు.

గాలిసొరంగం

మీరన్నది సగమే తమ్ముడూ, మిగతా సగం ఇంకా గట్టిది. గాలి పల్చబడితే డ్రాగ్ తగ్గడమే కాదు, ఇందాకటి హద్దు వేగం కూడా పైకి జరుగుతుంది. సాంద్రత ఆరో వంతు తగ్గితే హద్దు ఐదో వంతు పెరుగుతుంది. సముద్రమట్టంలో 80-88 దగ్గర తూలేది జొహానెస్‌బర్గ్‌లో సుమారు 96-105 దగ్గర తూలాలి. అంటే 100 కి.మీ. ఫ్రీకిక్ బూటు వదిలినప్పటి నుంచే ఆ మండలంలో ఉంటుంది. అదే ఎత్తులో 50 కి.మీ. హద్దున్న బంతి అయితే 60కి జరుగుతుంది. అయినా ఫ్రీకిక్‌కి ఇబ్బంది లేదు. కాబట్టి ఎత్తు దోషాన్ని పుట్టించలేదు, బంతిలో ఉన్న దోషాన్ని పెంచింది.

లెక్కల పుల్ల

మరి ఉరుగ్వే ఫోర్లాన్? అదే సాకర్ సిటీ, అదే జబులాని, ఘనా మీద క్వార్టర్ ఫైనల్లో ఫ్రీకిక్ గోల్. అదే రస్టెన్‌బర్గ్‌లో డెన్మార్క్ మీద జపాన్ వాళ్లు ఒకే మ్యాచ్‌లో రెండు ఫ్రీకిక్‌లు దించారు, హోండా ఒకటి, ఎండో ఒకటి. వాళ్లకి మాత్రం బంతి ఎలా మాట విందట?

రెండోపోస్టు

మీరు చెప్పిన మూడూ ఒక తరహావి కావు. హోండాది దాదాపు స్పిన్ లేని దెబ్బ, తూలుడినే ఆయుధం చేసుకున్నాడు. ఎండోది గోడ పక్కనుంచి వంచి తిప్పినది. స్పిన్ గట్టిగా ఉంటే పొర విడిపోయే చోటు స్పిన్ చెప్పినట్టు కుదురుకుంటుంది, తూలుడు దాదాపు పోతుంది. నున్నటి బంతితో బతకాలంటే పూర్తిగా తిప్పాలి, లేదా అసలు తిప్పకూడదు. పావు చుట్టు, అర చుట్టు తిరిగేవే ఎటూ కాకుండా పోతాయి. అది తెలియడానికి వారం సాధన చాలదు. ఆ బంతిని బయటపెట్టింది 2009 డిసెంబరులో, అప్పటికి సీజన్ సగం నడుస్తోంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అయితే వేరే కంపెనీ, నైకీ బంతితో ఆడుతోంది. నా దృష్టిలో అసలు తప్పు అక్కడుంది. బ్రజూకాని 600 మందికి పైగా ఆటగాళ్లతో రెండున్నరేళ్లు పరీక్షించారంటే ఆ గుణపాఠం వల్లే.

సూది-పంపు

ఇంకో ముచ్చట. వాల్వ్ తనదిక్కు తిప్పి పెట్టుకుంటే బంతి మంచిగ తూలుతదని చాలామంది నమ్ముతరు. ఉత్తదేనా?

గాలిసొరంగం

వాల్వ్‌కి మహిమ లేదు, బంతిని పెట్టే తీరుకి ఉంది. జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో అసాయ్ బృందం గాలి సొరంగంలో (విండ్ టన్నెల్) చూపించింది ఇదే. ఏ ముఖం గాలికి ఎదురుగా పెడితే బలాలు ఆ ప్రకారం మారతాయి, జబులానిలో ఆ తేడా పెద్దది, బ్రజూకాలో చిన్నది. ప్రతిసారీ వాల్వ్ ఒకే వైపు పెట్టేవాడికి తెలియకుండానే అతుకులు కూడా ఒకే అమరికలో వస్తాయి. లాభం అక్కడిది.

ఫిఫా క్వాలిటీ ప్రో ముద్ర వేసే ముందు చుట్టుకొలత 68.5-69.5 సెం.మీ., బరువు 420-445 గ్రాములు, 2 మీటర్ల నుంచి వదిలితే ఎగిరే ఎత్తు, గాలి తగ్గుదల, నీళ్లు పీల్చడం, గంటకు 50 కి.మీ.తో 2,000 సార్లు గోడకి కొట్టాక ఆకారం, ఇవన్నీ చూస్తారు. ఈ జాబితాలో గాల్లో ఎలా పోతుందన్న పరీక్ష లేదు. జబులాని అన్నీ పాసైంది.

ఆఫ్‌సైడ్ అప్పారావు

సరే, ముక్కల సంఖ్య వాదన వెనక్కి తీసుకుంటున్నా. అతుకుల పొడవూ లోతూ గరుకూ అడగాలన్నమాట. ట్రయోండా అతుకులు లోతుగా ఉంచి, పైన గీతలు చెక్కారు కాబట్టి జబులాని మళ్లీ పుట్టదని ఒప్పుకుంటా. కానీ రెండు అనుమానాలు తీరలేదు. ఒకటి, అల్ రిహ్లాలో సెన్సర్ సరిగ్గా నడి మధ్యలో వేలాడేది. ట్రయోండాలో దాన్ని ఒక ప్యానెల్ వెనక పెట్టారు. ఒక పక్క బరువైతే తూలదా? రెండు, మెక్సికో సిటీలోని ఎస్టాడియో అస్టెకా 2,240 మీటర్ల ఎత్తు, జొహానెస్‌బర్గ్‌ని మించింది.

గాలిసొరంగం

మొదటిదానికి: మిగతా మూడు ప్యానెళ్లలో సరిసమానమైన బరువులు పెట్టారు. సెకనుకు 500 సార్లు కదలిక చదివే ఆ సెన్సర్ పని బంతి తగిలిన క్షణం పట్టడం, క్రికెట్‌లో బ్యాట్‌కి బంతి తగిలిందో లేదో చెప్పే మన స్నికో లాంటిది. 2022లో ఉరుగ్వే మీద పోర్చుగల్ గోల్ రొనాల్డో తలకి తగల్లేదు, బ్రూనో ఫెర్నాండెజ్ కొట్టిన బంతే నేరుగా వెళ్లిందని తేల్చింది అదే. బరువు తేడా ఉందో లేదో మీ బంతికే చూడొచ్చు. బకెట్ నీళ్లలో వదిలి మెల్లగా తిప్పండి. ప్రతిసారీ ఒకే వైపు కిందికి తిరిగితే ఆ వైపు బరువు. చవక బంతుల్లో అది వాల్వ్ వైపే అవుతుంది.

సూది-పంపు

రెండోదానికి నేను చెప్త. అస్టెకాల ముందు చూడాల్సింది డిజైన్ కాదు, గాలి. సముద్రమట్టంల 0.8 బార్, అంటే 11.6 పీఎస్‌ఐ కొట్టి మూసిన బంతిని ఆ ఎత్తుకు తీస్కపోతే బయటి ఒత్తిడి 0.78 బార్‌కు పడుతది. మీటర్ మీద 0.8 కాస్త 1.03 చూపిస్తది. నిబంధన 0.6 నుంచి 1.1 దాకా ఒప్పుకుంటది కాబట్టి రెఫరీ అభ్యంతరం పెట్టడు, గని బంతి రాయి లెక్క అయితది. కాలిమీద తక్కువసేపు నిలుస్తది, ఎక్కువ ఎగురుతది. కింద 0.9 కొట్టింటే పైన 1.13, హద్దు దాటినట్టే. అందుకే గాలి మైదానంల దిగినంక కొలవాలె, ఆడే టైముకు గంట ముందట, నీడల పెట్టి. ఎండ కూడా గంతే. 24 డిగ్రీల ఏసీ గదిల 0.8 కొట్టిన బంతి 45 డిగ్రీలకు వేడెక్కితే 0.93 అయితది. మన దగ్గర మే నెలల టోర్నమెంట్లు పెట్టేటోళ్లు గిది రాసుకోవాలె. సూదికి రెండు చుక్కల గ్లిజరిన్ రాయకుండ పొడి సూది గుచ్చితే వాల్వ్ పెదవి చినుగుతది, ఇగ ఎంత కొలిచినా సగం ఆటకే మెత్తబడతది.

రెండోపోస్టు

ఒక్క ముక్క కలుపుతా. గరుకు బంతి 50 కి.మీ. దగ్గర తూలుతుందన్నారు కదా, ఆ వేగంలో వచ్చేవి క్రాస్‌లూ పొడుగు గోల్‌కిక్‌లూ. అస్టెకాలో అది 60 దాటుతుంది. ఫ్రీకిక్ గురించి కాదు, వెనక పోస్టుకి ఎత్తుగా వేసే, స్పిన్ తక్కువున్న బంతి కోసం బయటికొచ్చే గోలీ గురించి నా బెంగ. రావాలా లైన్ మీద ఉండాలా అన్నది అక్కడ సాధన మ్యాచ్ ఆడితేనే తేలుతుంది.